నెమలి దారిలో మూడడుగుల చెక్క

విజయవాడ నుంచి తిరువూరు పోయే దారిలో కర్ర కనిపించని చోటు తక్కువ. ఇబ్రహీంపట్నంలో 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కగానే కొండపల్లి వస్తుంది. బొమ్మల కాలనీలో ఏ గుమ్మం ముందు నిలబడ్డా తెల్లపొణికి ముక్కలు ఎండకు పరిచి ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే బరువు తెలియదు, గోరుతో నొక్కితే గుంట పడుతుంది. ఆ మెత్తదనం వల్లే బొమ్మ పుడుతుంది. ఉలి అడిగిన చోటల్లా లొంగుతుంది.

నేను ఆగింది ఏనుగు అంబారీ చేస్తున్న ఒక పెద్దాయన దగ్గర. ఏనుగు ఒళ్ళు చెక్కినదే. చెవులు, తొండం కొస, మావటివాడి చేతులు మాత్రం విడిగా చేసి అతికిస్తున్నాడు. అతికేది మక్కుతో. చింతగింజల పొడిని ఉడికించిన జిగురులో సన్నటి రంపపు పొట్టు కలిపి పిసికితే వచ్చే ముద్ద అది. అతుకు సందుల్లో కూరతాడు, వేలితో నున్నగా దిద్దుతాడు, ఆరనిస్తాడు. ఆరాక పైన సుద్ద, ఆ పైన రంగు. రంగు పడిన తర్వాత ఎక్కడ చెక్క అయిపోయి ఎక్కడ మక్కు మొదలైందో చెప్పడం ఎవరి తరమూ కాదు. రంపపు పొట్టు, జిగురు, ఒత్తిడి: పార్టికల్ బోర్డు ఫ్యాక్టరీ ఇంత చోట్లోనే ఉంది. వేడిగా నొక్కే ప్రెస్సు ఒక్కటే తక్కువ.

మక్కుతో చేసిన చెయ్యి పట్టుకుని ఏనుగును ఎత్తితే ఏమవుతుందని అడిగాను. పెద్దాయన నవ్వలేదు. "పట్టుకోవాల్సింది ఒంటిని బాబూ, చేతిని కాదు" అన్నాడు.

నేను వెళ్తున్నది నెమలిలో మా పిన్ని ఇంటికి. పిలిచింది వేణుగోపాలస్వామి దర్శనానికే గానీ, ఫోన్లో సగం సేపు వంటింటి అర గురించే మాట్లాడింది. రెండేళ్ళ కిందట పాత పెంకుటిల్లు సగం పడగొట్టి స్లాబు వేయించుకుంది. వంటింట్లో పట్నం తరహా అరలు పెట్టించింది. తెల్లగా, మెరుస్తూ, తుడిస్తే మరక పోయే రకం. ఇప్పుడు వాటిలో ఒకటి మధ్యకి కుంగింది. "ఇరిగితే ఇరిగిందని మార్పిద్దును. ఇరగలేదురా, దిగింది. రోజూ కాస్త కాస్త దిగుతా ఉంది" అంది. పార్టికల్ బోర్డు గుణం గురించి ఇంతకంటే సరిగ్గా చెప్పిన మాట నేను ఇంజనీర్ల దగ్గర కూడా వినలేదు.

కొండపల్లి దాటాక మైలవరం వైపు మా ముందు సుబాబుల్ లారీలు. బెరడు వలిచిన సన్నటి దుంగలు, లారీ తొట్టికి రెండు పక్కలా పొడుచుకొచ్చి, వెనక ఎర్ర గుడ్డ కట్టుకుని పోతుంటాయి. నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు చుట్టుపక్కల మెట్ట పొలాల్లో సుబాబుల్, జామాయిల్ వేసిన రైతులు చాలామంది. నాటి మూడు నాలుగేళ్ళకు నరకడం, టన్నుల లెక్కన తూకం వేయడం, కాగితపు మిల్లుకు తోలడం. ఇదే దారిలో కొత్తగూడెం మీదుగా పోతే గోదావరి ఒడ్డున సారపాకలో పెద్ద కాగితపు మిల్లు ఉంది. ఈ కర్రకు దూలమయ్యే యోగం లేదు. చేతి మందం కూడా రాకముందే నరికేస్తారు. అందుకే నలిపి గుజ్జు చేస్తే కాగితం, పిప్పి చేసి అదిమితే బోర్డు. టేకు ముదరాలంటే తాత నాటి మనవడు కొట్టుకోవాలి. నాటినవాడే అమ్ముకోవాలంటే పిప్పి చేయక తప్పదు. పార్టికల్ బోర్డును నాసిరకమని తీసిపారేసేవాళ్ళు ఈ లెక్క మర్చిపోతారు. అడవిని కొట్టకుండా అలమర చేయడానికి దొరికిన దారి అది.

పత్తి కట్టెతో కూడా ఈ బోర్డు చేయొచ్చు. ముంబైలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, అందరూ సిర్‌కాట్ అనేది, పత్తి మోళ్ళతో పార్టికల్ బోర్డు చేసే పద్ధతిని తయారుచేసింది. గంపలగూడెం మండలంలో పత్తి తీత అయిపోయాక చేలల్లో కట్టె కుప్పలు వేసి నిప్పు పెట్టడం చూసినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది. ఆ పొగలో అరలూ బల్లలూ పోతున్నాయి.

మైలవరం చుట్టూ ఉన్న కొండల్లోనే బుడమేరు పుడుతుంది. వేసవిలో చూస్తే దీన్ని చూసి భయపడాలా అనిపించే వాగు. 2024 సెప్టెంబరు మొదట్లో ఇదే గట్లు తెంచుకుని విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్ని రోజుల తరబడి నీళ్ళలో నిలబెట్టింది. నీళ్ళు తీశాక ఆ వీధుల్లో తిరిగాను. ప్రతి ఇంటి ముందూ సామాను కుప్ప. ఇనప బీరువాల్ని కడిగి ఎండకు పెట్టారు. టేకు మంచాలకు బురద కడిగి గోడకు చేరేశారు. టీవీ బల్లలు, బట్టల అలమరలు, పిల్లల చదువు బల్లలు మాత్రం కుప్పలోకే. వాటి పక్క చెక్కలు అడుగు నుంచి మోకాలెత్తు దాకా పొంగి, పై తొడుగు కాగితం పగిలి, లోపలి పిప్పి బయటికి తోసుకొచ్చింది. ఒకామె అలమర తలుపును కాలితో తోస్తే అది విరగలేదు, పొడిపొడిగా రాలింది.

ఆ పొంగుకు కారణం తయారీలోనే ఉంది. కర్ర పిప్పికి జిగురు పట్టించి, వేడి పలకల మధ్య అదిమితే చాలా మందం ఉన్న పరుపు ముప్పావు అంగుళానికి దిగుతుంది. ఆ అణిగిన పిప్పిని అణచి ఉంచేది జిగురు ఒక్కటే. నీళ్ళు తగిలితే పిప్పి తన పాత ఆకారానికి రావాలని చూస్తుంది. చవక బోర్డుల్లో వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు తడికీ వేడికీ నిలవదు, పట్టు వదిలేస్తుంది. అసలు కర్ర తడిస్తే ఉబ్బి, ఆరితే మళ్ళీ తగ్గుతుంది. ఈ బోర్డు ఒకసారి పొంగిందంటే ఆరినా పాత మందానికి రాదు. వచ్చినట్టు కనిపించినా లోపలి బలం పోయి ఉంటుంది. మెలమిన్ కలిపిన జిగురుతో చేసిన రకం తడిని కొంత తట్టుకుంటుంది. గుర్తుకోసం దాని కడుపులో ఆకుపచ్చ రంగు కలిపే కంపెనీలున్నాయి. కొంత తట్టుకుంటుంది అన్నానంటే వంటింటి చెమ్మను అని అర్థం, బుడమేరును అని కాదు.

తిరువూరులో టీ తాగడానికి దిగిన చోట ఎదురుగా వరసగా ఫర్నిచర్ దుకాణాలు. మంచాలు, దేవుడి మందిరాలు, కూతురికిచ్చే సారె సామాను. ఒక దుకాణంలో అలమర అరను వేళ్ళతో తట్టాను. "ఎంత బరువు మోస్తుందండీ?" అంటే, "మనిషి ఎక్కి నిలబడొచ్చు సార్" అన్నాడు కుర్రాడు ధీమాగా. నిజమే, నిలబడొచ్చు. ఒక నిమిషం నిలబడి దిగిపోయే మనిషికి ఈ చెక్క ఏమీ అనదు. దిగకుండా రెండేళ్ళు నిలబడే బియ్యం డబ్బాతోనే దానికి పేచీ. ఆ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు, అడిగేవాళ్ళూ లేరు.

నెమలి చిన్న ఊరు. తెలంగాణ పొలిమేరకు దగ్గర. గంపలగూడెం మండలంలో వానాకాలం కట్టలేరు పొంగితే దారులు ఆగిపోతాయి. ఊరికి పేరు తెచ్చింది వేణుగోపాలస్వామి గుడి. స్వామి 1953లో భూమి తవ్వుతుంటే బయటపడ్డాడని ఇక్కడ ఎవర్ని అడిగినా చెబుతారు. రెండు రాష్ట్రాల నుంచీ జనం వస్తారు. మధ్యాహ్నం గుడి మూసేలోపు దర్శనం చేసుకుని పిన్ని ఇంటికి చేరేసరికి వడ్రంగి మేస్త్రి అప్పటికే వంటింట్లో ఉన్నాడు.

అర రెండు చివరలా పక్క చెక్కలకు ఆనుకుని, మధ్యలో ఏ ఆసరా లేకుండా మూడడుగుల పొడవు. లోతు ఒక అడుగు, మందం ముప్పావు అంగుళం. దాని మీద రెండు ఆవకాయ జాడీలు, ఒక మాగాయ జాడీ, కందిపప్పు డబ్బా, మినప్పప్పు డబ్బా, నడిమధ్య పాతిక కిలోల బియ్యం డబ్బా. మేస్త్రి సుద్ద దారం తీసి ఈ చివర ఒక మేకు, ఆ చివర ఒక మేకుకు బిగించాడు. దారం సూటిగా ఉంది. చెక్క దాని కింద జారిపోయి ఉంది. మధ్యలో స్కేలు పెట్టి చూస్తే అంగుళం పైచిలుకు సందు.

"ఇది నోవాపానమ్మా" అన్నాడు మేస్త్రి. పటాన్‌చెరులో నోవోపాన్ ఇండియా కంపెనీ పార్టికల్ బోర్డు తయారుచేసింది. ఆ పేరు వడ్రంగుల నోట ఏ కంపెనీ బోర్డుకైనా నోవాపాన్‌గా స్థిరపడిపోయింది. తర్వాత ఆ కంపెనీ జీవీకే వాళ్ళ చేతికి వచ్చి జీవీకే నోవోపాన్ అయింది. ఈ పేరు అసలు స్విట్జర్లాండ్ నుంచి వచ్చింది. 1940ల్లో ఫ్రెడ్ ఫార్నీ అనే స్విస్ ఇంజనీరు బోర్డును మూడు పొరలుగా చేయొచ్చని కనిపెట్టాడు. పైనా కిందా సన్నటి పిప్పి గట్టిగా, మధ్యలో ముతక పిప్పి కాస్త గుల్లగా. మేస్త్రి దగ్గరున్న తుంపు ముక్క కోత చూస్తే ఆ మూడు పొరలూ స్పష్టంగా కనిపించాయి. అంచుల్లో మైదా పిండంత సన్నం, నడుమ తవుడూ నూకా కలిసినట్టు ముతక.

అలా చేయడంలో తెలివి ఉంది. బరువు పెట్టినప్పుడు అర పైముఖం నొక్కుకుంటుంది, కిందిముఖం సాగుతుంది. నడుమ భాగానికి ఆ రెంటిలో పెద్ద పని లేదు. అందుకని బలమంతా ముఖాల్లో పెట్టి, మధ్యలో ఖర్చు తగ్గించారు. దీని మూల్యం వేరే చోట చెల్లించాలి. అంచులో స్క్రూ బిగిస్తే అది ఆ గుల్ల పొరలోకే పోతుంది. ఒకసారి విప్పి మళ్ళీ బిగిస్తే తిరిగి తిరిగి ఊడొస్తుంది. పిన్ని వాళ్ళ తలుపు బందులు వదులైన కారణం అదే.

ముఖాల మీద అతికే మెలమిన్ కాగితం గురించి మన నోవోపాన్ కంపెనీయే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మెలమిన్ తొడిగిన పార్టికల్ బోర్డు పైపొర లేని బోర్డు కిందికి వస్తుందా రాదా, ఎక్సైజు మినహాయింపు దానికి దొరుకుతుందా అన్నది తగాదా. 1994లో కోర్టు కంపెనీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. మినహాయింపు కావాలన్నవాడే తాను దానికి అర్హుణ్ణని రుజువు చేసుకోవాలంది. పన్నుల కేసుల్లో వకీళ్ళు ఇప్పటికీ ఎత్తే తీర్పు అది. ఆ వాదనల్లో అర ఎంత వంగుతుందన్నది ఎవరికీ పట్టలేదు, పట్టాల్సిన పనీ లేదు.

మన లెక్క మనం వేసుకుందాం. పుస్తకాలైనా పచ్చళ్ళైనా నిండుగా సర్దితే మీటరు పొడవుకు పాతిక నుంచి ముప్పై కిలోలు పడుతుంది. మార్కెట్లో దొరికే మామూలు పార్టికల్ బోర్డు, 18 మిల్లీమీటర్ల మందం, అడుగు లోతు, 900 మిల్లీమీటర్ల పొడవు, రెండు చివరలే ఆసరా. మీటరుకు 30 కిలోలు సమంగా పేరిస్తే పెట్టిన రోజే మధ్యలో సుమారు 9 మిల్లీమీటర్లు దిగుతుంది. అదే చెక్కకు ఆసరాల మధ్య దూరం 600కు తగ్గిస్తే దిగేది 2 మిల్లీమీటర్ల లోపే. దూరం ఒకటిన్నర రెట్లయితే వంపు అయిదు రెట్లు, రెండింతలైతే పదహారు రెట్లు. పిన్ని బియ్యం డబ్బా నడిమధ్య పెట్టింది కదా, అదే బరువు పొడుగునా పరిచినప్పటికంటే అక్కడ ఒకటిన్నర రెట్లకు పైగా వంచుతుంది. మందం పెంచినా లాభమే. 18 బదులు 25 మిల్లీమీటర్ల చెక్క వేస్తే వంపు మూడో వంతుకు కాస్త ఎక్కువగా మిగులుతుంది.

ఇదంతా మొదటి రోజు మాట. అసలు కథ తర్వాత మొదలవుతుంది. ఎడతెరిపి లేని బరువు కింద చెక్క మెల్లగా సాగుతూ పోతుంది. అసలు కర్రకూ ఆ గుణం ఉంది. ఇంటి లోపల పొడిగా ఉన్న చోట యూరప్ వాళ్ళ కట్టడపు నియమాలు అసలు కర్రకు ఏళ్ళ మీద మొదటి వంపుకు ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ లెక్కవేయమంటాయి. పార్టికల్ బోర్డుకు మాత్రం మూడుంపావు రెట్లు. చెమ్మ ఉన్న చోటయితే, తడికి తట్టుకునే రకానికే, నాలుగు రెట్లు. 9 మిల్లీమీటర్లు అంగుళం దాటిపోవడంలో మాయ ఏమీ లేదు. బలం సంగతి ఇంకా ఘాటుగా ఉంటుంది. ప్రయోగశాలలో అప్పటికప్పుడు విరిచి చూసిన బలంలో, శాశ్వతంగా ఉండే బరువుకు 30 శాతం మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. అసలు కర్రకు 60 శాతం.

ఆ యూరప్ వాళ్ళే ఈ బోర్డును పీ1 నుంచి పీ7 దాకా ఏడు రకాలుగా విడదీశారు. బరువు మోయడానికని చెప్పింది నాలుగో రకం నుంచే. మన ఐఎస్ 3087 ప్రమాణం తన పేరులోనే సాధారణ ప్రయోజనాల కోసం అని రాసుకుంది. మన దుకాణాల్లో చాలాచోట్ల ఏ రకమో ముద్ర వెతికినా దొరకదు. నా వరకు ఇదే పెద్ద ఫిర్యాదు. చెక్క చెడ్డదని కాదు, ఎంతకు తగినదో దాని ఒంటి మీద రాయరు.

ఈ లెక్కలు కాగితం మీద వేసి పిన్నికి చూపిస్తే అద్దాలు పెట్టుకుని చూసింది. "అయితే ఇది మరమరాల ఉండన్నమాట. బెల్లం పాకం ఎంత గట్టిదైతే అంత" అంది. మేస్త్రి తలూపాడు. నేనూ కాదనలేకపోయాను.

భోజనాలయ్యాక పిన్ని నన్ను వెనక మిగిలిన పాత ఇంట్లోకి తీసుకెళ్ళింది. రెండు గదులు, వాటి మీద అటక ఇంకా ఉన్నాయి. తాటి దూలం మీద అడ్డంగా దంతెలు, వాటి మీద వేపచెక్క పలకలు. నిచ్చెన వేసుకుని ఎక్కాను. ఒకప్పుడు మా తాతయ్య అక్కడ ఏడాదికి సరిపడా వడ్లు, చింతపండు కుండలు, ఎండుమిరప బస్తాలు పెట్టేవాడు. ఇప్పుడు ఇత్తడి గంగాళం, విరిగిన ఊయల బల్ల, ఎలుకలు తిన్న పాత పంచాంగాలు. పలకలు అంగుళం మందం కూడా లేవు. తాడి కర్రలో బయటి అంచు మాత్రమే ఇనుములా గట్టి, లోపలంతా నారే. అయినా ఇంత బరువు మోసిన అటక చెక్కుచెదరలేదు. దంతెకూ దంతెకూ మధ్య దూరం చేత్తో కొలిచాను. సరిగ్గా మూర. అంటే అడుగున్నర, 450 మిల్లీమీటర్లు.

ఇంగ్లండులో చెక్క మేడల నేలకు పార్టికల్ బోర్డు పరుస్తారు. 18 మిల్లీమీటర్ల బోర్డయితే కింది దంతెల మధ్య దూరం 450 దాటకూడదు, 22 అయితే 600. తాతయ్య ఇంటికి పలకలు దిగ్గొట్టిన వడ్రంగి ఆ కొలత ఏ పుస్తకంలోనూ చూసి ఉండడు. పిన్ని వంటింట్లో అరకు పనికిరాని చెక్కే అక్కడ మనుషులు నడిచే నేల అవుతోంది. ఆసరాల మధ్య దూరం సగమైంది, వంపు పదహారో వంతైంది. పైగా నేల పలక ఒక సందు దగ్గర ఆగిపోదు. మూడు నాలుగు దంతెల మీదుగా ఏకంగా పోతుంది, కాబట్టి ఒక సందులో పడిన బరువును పక్క సందులు పట్టి లాగుతాయి. అంచులు ఒకదానిలో ఒకటి దూరే గాడితో ఉంటాయి, కింద జిగురూ స్క్రూలూ. చెక్క అదే. దాన్ని మోసేవాటిని దగ్గరగా జరిపారు, అంతే.

చెక్క నేల సంగతి పిన్నికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కొడుకు టెక్సాస్‌లో ఇల్లు కొన్నాడు, ఆరు నెలలు ఉండొచ్చింది. "ఆ మేడ మీద నడిస్తే కిందోళ్ళకి తెలిసిపోద్దిరా. రాత్రిళ్ళు అదే కిర్రుమంటది. దొంగలొచ్చారనుకున్నా" అంది. అక్కడ ఇప్పుడు కొత్త ఇళ్ళ నేలకు ఎక్కువగా వాడేది ఓఎస్‌బీ. పిప్పి కాదు, వేలు పొడవున్న పలచటి చెక్క పేళ్ళను ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా పేర్చి అదిమినది. పేడుకు దాని నార దానికి మిగులుతుంది కాబట్టి పొడుగు దిక్కున పార్టికల్ బోర్డు కంటే బాగా బిగువు. పాత చక్రాల ఇళ్ళలో, అంటే ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి నిలిపే మొబైల్ హోముల్లో, నేలకు పార్టికల్ బోర్డే వేశారు. బాత్రూం పక్కన నీరు కారిన చోట కాలు దిగబడే ఇళ్ళు అవే.

మా తమ్ముడు గృహప్రవేశానికి సత్యనారాయణ వ్రతం మేడ మీద హాల్లోనే చేశాడు. అంతమంది ఎక్కితే నేల ఆగుతుందా అని పిన్ని వ్రతం అయ్యేదాకా ఒక మూల ఊపిరి బిగపట్టి కూర్చుందట. అక్కడి నియమం ప్రకారం కూర్చునే గదుల నేల చదరపు అడుగుకు 40 పౌండ్లకు కట్టాలి. మన లెక్కలో చదరపు మీటరుకు దాదాపు 195 కిలోలు. ఇరవై చదరపు మీటర్ల హాల్లో నలభై మంది కూర్చుంటే, మనిషికి 65 కిలోల చొప్పున, చదరపు మీటరుకు 130 కిలోలు. స్వామికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది వచ్చేది పీట మీద కలశం ఒలికి, నీళ్ళు కార్పెట్ కిందికి ఇంకితేనే. వ్రతంలో చివరికి అదే జరిగిందట. తమ్ముడు వెంటనే కార్పెట్ లేపి ఫ్యాను పెట్టాడు. తడి గ్రైండరును మాత్రం కింద సిమెంటు నేల ఉన్న గారేజీలోనే ఉంచాడు. గ్రైండరు రాయి బరువుకు కాదు, దాని కుదుపుకు ఇల్లంతా మోగుతుంది.

సాయంత్రం వంటింట్లో మళ్ళీ పంచాయితీ. అర తీసేసి కడప బండ వేద్దామంది పిన్ని. మన ఇళ్ళలో గోడ అలమరలకు కడప బండే అలవాటు. బండకు రెండు గుణాలు. పచ్చడి నూనె కారినా, నీళ్ళు పడినా దానికి పట్టదు, పదేళ్ళయినా మధ్యకి కుంగదు. విరిగితే మాత్రం చెప్పకుండా విరుగుతుంది. సున్నపురాయికి నొక్కుడు ఓర్చుకునే శక్తి ఉంది, సాగుడు ఓర్చుకునే శక్తి లేదు. పైగా ఈ అరల పక్క చెక్కలూ పార్టికల్ బోర్డే. బండ బరువు మొత్తం వాటి గుల్ల కడుపులో దిగిన నాలుగు మేకుల మీద పడుతుంది. మేస్త్రి ఒప్పుకోలేదు. గోడలో బిగించాలంటే అలమర మొత్తం విప్పాలన్నాడు.

"ప్లైవుడ్ వేస్తే?" అన్నాను.

"వేయొచ్చు సార్. డబ్బులు ఎక్కువ. పైన మైకా అతికించాలి, రంగు కలవదు, అమ్మగారు ఊరుకోరు" అన్నాడు. అతను చెప్పిన మందు వేరే. చెక్క అలాగే ఉండనిచ్చి, తిరగేసి, ముందు అంచు కింద పొడుగునా ఒక కర్ర పట్టీ నిలువుగా బిగించడం. ముప్పావు అంగుళం మందం, ఒకటిన్నర అంగుళం ఎత్తు. పడుకోబెట్టకూడదు, నిలబెట్టాలి. వెనక అంచును గోడకు బిగించిన మరో పట్టీ మీద ఆనించాలి.

లెక్క వేసి చూశాను. గట్టి కర్రతో చేసిన ఆ సన్నటి పట్టీ ఒక్కటే అడుగు వెడల్పున్న మొత్తం పార్టికల్ బోర్డు కంటే దాదాపు మూడు రెట్లు బిగువు. కారణం ఎత్తు. వంగడాన్ని ఆపేది వెడల్పు కాదు, ఎత్తు. ఎత్తు రెట్టింపైతే బిగువు ఎనిమిదింతలు. పట్టీ వేశాక వంపు నాలుగో వంతుకు వస్తుంది. ఈ లెక్క మేస్త్రికి చూపిస్తే కాగితం వంక కూడా చూడలేదు. "దూలాన్ని ఎవరైనా పడుకోబెడతారా సార్?" అన్నాడు.

ఎందుకైనా మంచిదని బియ్యం డబ్బాను నేల మీదికి దింపమన్నాను. పిన్నికి నచ్చలేదు. నేల మీద పెడితే చీమలు పడతాయంది. చివరికి డబ్బా అర మీదే ఉండేట్టు, కాకపోతే మధ్యలో కాక ఎడమ చివర ఉండేట్టు రాజీ కుదిరింది. ఆసరా పక్కనే ఉన్న బరువు చెక్కను పెద్దగా వంచదు, పక్క చెక్కకే పోతుంది. ఆవకాయ జాడీలు రెండో చివరకు. తేలిక డబ్బాలు మధ్యకు. పైసా ఖర్చు లేని మరమ్మతు ఇదే, పట్టీ కంటే ముందు చేయాల్సింది కూడా.

పట్టీకి కర్ర ఎక్కడిదన్నదే మిగిలింది. తిరువూరులో కొత్త టేకు పట్టీ ధర మేస్త్రి చెప్పగానే పిన్ని ముఖం మాడ్చుకుంది. పెరట్లో పడగొట్టిన ఇంటి వాసాలు టార్పాలిన్ కింద పేర్చి ఉన్నాయి. వాటిలోంచి ఒకటి లాగి తెచ్చి మేస్త్రి ముందు పడేసింది. మేస్త్రి బాడిసెతో ఒక చెక్కు తీశాడు. పైన నల్లగా, లోపల ఎర్రగా టేకు. చిత్రిక పడితే బాగానే ఉంటుందన్నాడు, కానీ రంపం పెట్టనన్నాడు.

"ఇందులో ఎన్ని పాత మేకులున్నాయో అమ్మా. నా రంపం పళ్ళు పోతే ఎవరిస్తారు?"

"మేకులు పీకి పెడతానయ్యా, పొద్దున రా" అంది పిన్ని. "ఒక్క మేకు మిగిలినా కూలి ఎక్కువ తీసుకో."

"పొద్దున గంపలగూడెంలో పని ఉంది."

"అయితే మధ్యాహ్నం రా. భోజనం ఇక్కడే."

మేస్త్రి కాసేపు వాసం వంక, కాసేపు అర మీది మాగాయ జాడీ వంక చూసి సంచి సర్దుకున్నాడు. పిన్ని నాకు గొడ్డలి, పట్టకారు తెచ్చిచ్చింది.